పబ్లిక్ అడ్వొకేట్ గడిలో ఓటు వేయాలా, ఖాళీగా వదిలేయాలా? (న్యూయార్క్ ప్రైమరీ)

కొత్త_ఓటరు | జూన్ 14, 2025, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మార్చిలో సిటిజన్‌షిప్ వచ్చింది. ప్రమాణం చేసిన హాల్లోనే ఓటరు ఫారం చేతిలో పెట్టారు, నింపేశాను, డెమోక్రటిక్ దగ్గర టిక్ పెట్టాను. ఇప్పుడీ ప్రైమరీ, అంటే నవంబర్ ఎన్నికకి పార్టీ తన అభ్యర్థిని ఎంచుకునే ఓటింగు, నా మొదటి ఓటు. మేయర్ సంగతి ఫర్వాలేదు. 11 పేర్లున్నా ఇంట్లో రోజూ అదే గొడవ కాబట్టి ఒక అభిప్రాయానికొచ్చాను. కంప్ట్రోలర్ అంటే లెక్కలు చూసేవాళ్ళు. మధ్యలో ఈ పబ్లిక్ అడ్వొకేట్ ఎవరు? మా ఆయన్ని అడిగితే "మన మీద కేసు పడితే ఫ్రీగా వాదిస్తారేమో" అన్నారు. ముగ్గురి పేర్లున్నాయి. తెలియకుండా ఎవరికో ఒకరికి గుద్దే బదులు ఆ గడి వదిలేస్తే నా బ్యాలట్ చెల్లుతుందా?

జెర్సీ_శీను | జూన్ 14, రాత్రి 9:52

చెల్లుతుంది అక్కా. మేం నది ఇవతల ఉన్నాం కాబట్టి మాకీ టెన్షన్ లేదు. మా దగ్గర ప్రాపర్టీ ట్యాక్స్ తప్ప ఇలాంటి వింత పదవులేవీ ఉండవు.

బౌన్‌స్ట్రీట్_బాబాయ్ | జూన్ 14, రాత్రి 10:35

అమ్మా, ముందుగా అభినందనలు. గడి ఖాళీగా వదిలినా మిగతా ఓట్లన్నీ లెక్కలోకి వస్తాయి. అయినా వదలొద్దంటాను, ఎందుకో చెప్తాను.

ఈ అడ్వొకేట్ కోర్టు అడ్వొకేట్ కాదు. నేను 1991లో ఫ్లషింగ్ వచ్చేనాటికి ఈ పేరే లేదు. సిటీ కౌన్సిల్ ప్రెసిడెంట్ అనేవారు. అంతకు ముందు బోర్డ్ ఆఫ్ ఎస్టిమేట్ అని ఒకటుండేది. మేయరు, కంప్ట్రోలరు, ఈ కౌన్సిల్ ప్రెసిడెంటు, సిటీలోని అయిదు బరోల (పెద్ద భాగాల) ప్రెసిడెంట్లు కూర్చుని బడ్జెట్టు, కాంట్రాక్టులు, స్థలాల వ్యవహారాలు తేల్చేవారు. 22 లక్షల జనమున్న బ్రూక్లిన్‌కీ, మూడున్నర లక్షలున్న స్టాటెన్ ఐలాండ్‌కీ చెరో ఓటే. ఇది కుదరదని 1989లో సుప్రీంకోర్టు కొట్టేసింది. బోర్డు పోయింది, దాంతో ఈ పదవికున్న బలమూ పోయింది. పెళ్ళివారు వెళ్ళిపోయాక మిగిలిన పందిరిలా కుర్చీ మాత్రం ఉండిపోయింది. 1993లో దానికి పబ్లిక్ అడ్వొకేట్ అని పేరు మార్చారు. 1994 జనవరిలో మార్క్ గ్రీన్ మొదటివాడిగా కూర్చున్నాడు.

చేసే పనేమిటంటే, సిటీ డిపార్ట్‌మెంట్ల మీద జనం మొర వినడం, వాటి వెంటపడటం. కౌన్సిల్లో బిల్లు పెట్టొచ్చు, మాట్లాడొచ్చు, ఓటు మాత్రం లేదు. ప్లానింగ్ కమిషన్‌లో 13 మందిలో ఒకరిని నియమించొచ్చు. సిటీ ఉద్యోగుల పెన్షన్ బోర్డులో ఒక సీటుంటుంది. అన్నిటికంటే ముఖ్యమైనది, మేయర్ కుర్చీ ఖాళీ అయితే మొదట అందులో కూర్చునేది ఈ మనిషే.

శీనూ, మీ జెర్సీలోనూ ఉండేదయ్యా. 1974లో పబ్లిక్ అడ్వొకేట్ పేరుతో ఏకంగా ఒక శాఖే పెట్టారు. 1994లో ఎత్తేశారు, 2005లో మళ్ళీ తెచ్చారు, 2010లో మళ్ళీ ఎత్తేశారు. అక్కడ గవర్నర్ నియమించే పదవి మరి.

జెర్సీ_శీను | జూన్ 14, రాత్రి 10:41

బాబాయ్ గారూ, నేను జెర్సీకొచ్చింది 2012లో. వెళ్ళిపోయిన చుట్టం గురించి నాకేం తెలుస్తుంది.

లెక్కల_మాస్టారు | జూన్ 15, ఉదయం 7:10

బాబాయ్ గారు పందిరి అని బాగా చెప్పారు. ఆ పందిరికి అద్దె కట్టేది మాత్రం మనమే.

2013 సంగతి గుర్తు చేస్తాను. డెమోక్రటిక్ ప్రైమరీలో ఎవరికీ 40 శాతం రాలేదు. లెటీషియా జేమ్స్‌కీ, డానియల్ స్క్వాడ్రన్‌కీ మధ్య అక్టోబర్ 1న మళ్ళీ పోలింగ్ పెట్టారు. బ్యాలట్ మీద ఈ ఒక్క పదవే. దానికైన ఖర్చు సుమారు కోటీ 30 లక్షల డాలర్లు. అప్పట్లో ఆ ఆఫీసు ఏడాది బడ్జెట్ 23 లక్షల డాలర్లు. ముప్పై లక్షల మంది డెమోక్రటిక్ ఓటర్లుంటే వచ్చి ఓటేసింది రెండు లక్షలు అటూఇటూ. రూపాయి కోడిపిల్లకి ఆరు రూపాయల దిష్టి తీసినట్టు.

అప్పుడప్పుడు కౌన్సిల్లో ఎవరో ఒకరు దీన్ని రద్దు చేయాలని బిల్లు పెడతారు, అది మూలన పడుతుంది. నేనయితే 2013 నుంచి ఆ గడి ఖాళీగానే వదులుతున్నాను. ఈ పదవి చేసి వెళ్ళిన వాళ్ళని చూడండి. డి బ్లాజియో ఇక్కణ్ణుంచి మేయరయ్యాడు. జేమ్స్ ఇక్కణ్ణుంచి రాష్ట్ర అటార్నీ జనరల్ అయింది. మార్క్ గ్రీన్ కూడా ఇక్కణ్ణుంచే 2001లో మేయర్‌కి నిలబడి బ్లూమ్‌బర్గ్ చేతిలో ఓడిపోయాడు. ఇది కాపలా పదవి కాదు, ఎక్కడానికి వేసుకున్న నిచ్చెన.

బ్రూక్లిన్_లక్ష్మి | జూన్ 15, ఉదయం 11:25

మాస్టారూ, నిచ్చెనయినా మాకు పనికొచ్చింది. కొంచెం పెద్దగా రాస్తున్నాను, ఓపిక పట్టండి.

మూడేళ్ళ క్రితం జనవరిలో మా బిల్డింగ్‌లో హీట్ ఆగిపోయింది. ఇక్కడ రూలుంది. అక్టోబర్ 1 నుంచి మే 31 దాకా, బయట 55 కంటే చల్లగా ఉంటే పగలు ఇంట్లో 68 డిగ్రీలుండాలి, రాత్రి 62 (అన్నీ ఫారెన్‌హీట్). మా హాల్లో థర్మామీటర్ 54 చూపిస్తోంది. అత్తగారు ఇండియా నుంచి వచ్చి ఉన్నారు. రెండు స్వెటర్లు, పైన శాలువా, కాళ్ళకి మేజోళ్ళు, ఓవెన్ తలుపు తీసి దాని ముందు కుర్చీ వేసుకుని కూర్చునేవారు. నాకు ప్రాణం మీదికొచ్చినట్టుండేది, గ్యాస్ ఓవెన్ అది. ఓనరుకి ఫోన్ చేస్తే "పార్ట్ ఆర్డర్ పెట్టాం" అంటాడు. ఫిర్యాదు నంబరుకి చేస్తే ఇన్‌స్పెక్టర్ మధ్యాహ్నం రెండింటికి వచ్చారట. ఆ గంటసేపు మాత్రం పైపులు వేడిగా ఉన్నాయి! సాయంత్రానికి మళ్ళీ మామూలే. ఫిర్యాదు మూసేశారు. అలా మూడుసార్లు.

కింద అపార్ట్‌మెంట్ ఆవిడ చెబితే పబ్లిక్ అడ్వొకేట్ ఆఫీసుకి ఫోన్ చేశాను. ఒక కుర్రాడు ఎత్తాడు. మూడు ఫిర్యాదుల నంబర్లు, రోజుకి మూడుసార్లు థర్మామీటర్‌కి తీసిన ఫోటోలు పంపమన్నాడు. నా ఒక్కదాని పేరు మీద కాదు, తొమ్మిది అపార్ట్‌మెంట్ల వాళ్ళ సంతకాలతో ఒక ఉత్తరం తయారు చేయించాడు. అది తనే డిపార్ట్‌మెంట్‌కి పంపి, రెండ్రోజులకోసారి నాకు ఫోన్ చేసేవాడు. ఈసారి ఇన్‌స్పెక్టర్ రాత్రి పదింటికి వచ్చారు. వయొలేషన్ రాశారు. పదకొండో రోజుకి బాయిలర్ బాగయింది.

ఆ ఆఫీసుకి మా ఓనరు చేత బాయిలర్ చేయించే అధికారం లేదు, ఆ కుర్రాడే చెప్పాడు. "మేం పదేపదే అడుగుతాం, అంతే" అన్నాడు. ఏడాదికోసారి చెత్త ఓనర్ల జాబితా కూడా వేస్తారు. డి బ్లాజియో ఆ పదవిలో ఉండగా 2010లో మొదలైంది, తర్వాతి వాళ్ళు కొనసాగించారు. మా ఓనరు పేరు అందులో లేదు. చూసుకుని కొంచెం బాధపడ్డాను కూడా.

లెక్కల_మాస్టారు | జూన్ 15, మధ్యాహ్నం 12:02

మీ అనుభవాన్ని కాదనను అమ్మా. కానీ ఆ పని మీ వార్డు కౌన్సిల్ మెంబర్ ఆఫీసు చేయకూడదా? 51 మంది ఉన్నారు.

బ్రూక్లిన్_లక్ష్మి | జూన్ 15, మధ్యాహ్నం 12:20

చేయొచ్చు. అక్కడా మెసేజ్ పెట్టాను. అది ఇప్పటికీ మెసేజ్‌గానే ఉంది.

కరీంనగర్_పోరడు | జూన్ 15, సాయంత్రం 5:48

మన దగ్గర సోమవారం ప్రజావాణి ఉంటది కదా, కలెక్టర్ ముందు అర్జీ పెట్టుడు. ఇది అసొంటిదే అనుకుంటున్న. కాకపోతే కలెక్టర్‌కు చేతిల పవర్ ఉంటది, ఈయనకు లేదు. మన లోకాయుక్త ఉన్నది, 1983 చట్టం నాటిది, అవినీతి ఫిర్యాదులు చూస్తది, కానీ గవర్నర్ నియమిస్తడు, జనం ఓటేసుడు ఉండది. కాపలాదారును మనమే ఎన్నుకునుడు నేను ఈడనే చూసిన.

అసలు హైదరాబాద్‌ల మేయర్‌నే మనం నేరుగా ఎన్నుకుంటలేం. 2002ల తీగల కృష్ణారెడ్డి నేరుగ గెలిచిండు, ఆ తర్వాత కార్పొరేటర్లే ఎన్నుకునుడు. 2020ల 150 డివిజన్లకు ఓట్లు పెడితె సగం మంది కూడ రాలే. మాస్టారు రెండు లక్షల మంది వచ్చిన్రని బాధపడుతున్నరు గానీ, ఇంట్ల పండుకునుడు అన్ని దేశాలల్ల ఒకటే.

బౌన్‌స్ట్రీట్_బాబాయ్ | జూన్ 15, రాత్రి 9:15

బాగా చెప్పావు నాయనా. నేను జెర్సీ సంగతి తెచ్చింది కూడా అందుకే. నియమించిన కాపలాదారు, నియమించినాయనకి కోపం వచ్చేదాకానే ఉంటాడు. ఇక్కడ మేయరు బడ్జెట్ బిగించగలడు గానీ మనిషిని తీయలేడు.

మాస్టారి ఖర్చు లెక్క నిజమే. ఆ రెండోసారి పోలింగ్ దెబ్బకే కొంత, 2019 ప్రత్యేక ఎన్నిక దెబ్బకి కొంత ఈ ర్యాంకుల పద్ధతి, అంటే ఇష్టాన్ని బట్టి మొదటివాళ్ళు, రెండోవాళ్ళు అని వరసగా గుర్తించే పద్ధతి వచ్చింది. 2019 నవంబర్‌లో జనం నూటికి డెబ్భైకి పైగా ఔనన్నారు. 2021 నుంచి ప్రైమరీల్లో అదే. ఇక మళ్ళీ పోలింగ్ ఉండదు.

ఆ 2019 ఫిబ్రవరి ఎన్నిక మాత్రం తమాషా. జేమ్స్ అటార్నీ జనరల్‌గా వెళ్ళిపోతే సీటు ఖాళీ అయింది. ప్రత్యేక ఎన్నికల్లో ఉన్న పార్టీల పేర్లు వాడకూడదు, ఎవరి పార్టీ పేరు వాళ్ళే కల్పించుకోవాలి. బ్యాలట్ మీద 17 మంది. ఒకావిడ పార్టీ పేరు "సబ్‌వే సంస్థను బాగుచేయండి". ఒకాయనది "జనానికి జీతం పెంచండి" తరహా. ఒకాయన ఏకంగా "హెలాల్ స్నేహితులు" అని తన పేరే పెట్టుకున్నాడు. మన దగ్గర స్వతంత్రులకి బకెట్టు, కుట్టుమిషను, విజిలు గుర్తులిచ్చినట్టే అనుకో. అందులో మూడో వంతు ఓట్లతో జుమానే విలియమ్స్ గెలిచాడు. ఆయన పార్టీ పేరు "టైమయింది, పదండి". ఇప్పుడు మళ్ళీ నిలబడ్డది ఆయనే.

జెర్సీ_శీను | జూన్ 15, రాత్రి 9:22

జీతం పెంచే పార్టీ ఎక్కడుంది బాబాయ్ గారూ, సభ్యత్వం కావాలి.

(మోడరేటర్: "జీతం పెంచండి" అన్నది పురుష అభ్యర్థి పార్టీ కాదని ఒక సభ్యురాలు మెసేజ్ పెట్టారు. అది నోమికి కాన్‌స్ట్ పార్టీ. బాబాయ్ గారు ఒప్పుకున్నారు.)

అట్లూరి_అబ్బాయి | జూన్ 16, ఉదయం 8:30

ఇంత చర్చ ఎందుకండీ? జెనిఫర్ రాజ్‌కుమార్ ఉంది కదా. మన ఇండియన్ అమ్మాయి, లాయరు, క్వీన్స్ నుంచి 2020లో స్టేట్ అసెంబ్లీకి గెలిచింది. దీపావళికి స్కూళ్ళకి సెలవు రావడం కోసం గట్టిగా పోరాడింది. మా పిల్లలు ఇప్పుడు ఆ రోజు ఇంట్లో ఉంటున్నారు. మనవాళ్ళకి మనం వేసుకోకపోతే ఎవరు వేస్తారు?

బ్రూక్లిన్_లక్ష్మి | జూన్ 16, ఉదయం 9:05

దీపావళి సెలవు విషయంలో ఆవిడకి దండం పెడతాను. కానీ కాపలా పదవికి పోటీ చేసేవాళ్ళు మేయర్‌కి ఎంత దూరంగా నిలబడతారన్నది కూడా చూడాలి కదా. మేయర్ ఎరిక్ ఆడమ్స్ మీటింగుల్లో ఎన్నిసార్లు ఎర్ర డ్రెస్సులో పక్కన కనిపించారో లెక్కపెట్టలేం. మేయర్ స్నేహితురాలు మేయర్ మీద కాపలా ఎలా కాస్తారు?

అట్లూరి_అబ్బాయి | జూన్ 16, ఉదయం 9:17

విలియమ్స్‌కి, ఆడమ్స్‌కి పడదు కాబట్టి ఆయన నిష్పక్షపాతమా? అదీ ఒక పక్షమే. ప్రతిదానికీ ఎదురు చెప్పడమే కాపలా అనుకుంటే మా ఇంట్లో అత్తగారిని నిలబెడతాను. రాజ్‌కుమార్ లైసెన్సు లేని గంజాయి దుకాణాలు మూయించే అధికారం సిటీకి రావాలని రాష్ట్ర రాజధాని ఆల్బనీలో పట్టుబట్టి సాధించారు. పని జరగాలంటే మేయర్‌తో మాటలుండాలి.

కరీంనగర్_పోరడు | జూన్ 16, ఉదయం 9:40

మనోళ్ళు, మనోళ్ళు అంటున్నరు, 2013ల రేష్మా సౌజానీ నిలబడ్డది ఇదే పదవికి, మూడో స్థానం వచ్చింది. అప్పుడు మనం ఎంతమందిమి ఓటేసినమో? మేరీలాండ్‌ల అరుణా మిల్లర్ అచ్చ తెలుగామె, హైదరాబాద్‌ల పుట్టింది, లెఫ్టినెంట్ గవర్నర్ అయింది. ఆమె తెలుగు పేరు మీద గెలవలే, అందరి ఓట్ల మీద గెలిచింది.

లెక్కల_మాస్టారు | జూన్ 16, ఉదయం 10:10

విలియమ్స్ ఈ ఆరేళ్ళలో చేసిందేమిటో ఎవరైనా చెప్తారా? ఊరేగింపుల్లో ఫోటోలు కాకుండా. 2018లో లెఫ్టినెంట్ గవర్నర్‌కి, 2022లో గవర్నర్‌కి నిలబడ్డాడు. నిచ్చెన అన్నది ఇందుకే.

బౌన్‌స్ట్రీట్_బాబాయ్ | జూన్ 16, రాత్రి 8:50

చెప్తాను. ఓటు లేని మనిషి చట్టం ఎలా చేయించాడో దానికి ఒక ఉదాహరణ. పోలీసులు రోడ్డు మీద జనాన్ని ఆపి ప్రశ్నలడిగితే, చిన్న స్థాయి ఆపుదలయినా సరే, ఆ మనిషి వయసు, జాతి, ఎందుకు ఆపారన్నది రాసిపెట్టాలని బిల్లు పెట్టాడు. కౌన్సిల్ పాస్ చేసింది. ఆడమ్స్ వీటో చేశాడు. 2024 జనవరి 30న కౌన్సిల్ 42కి 9 ఓట్లతో ఆ వీటోని కొట్టేసింది. ఆ 42లో విలియమ్స్ ఓటు లేదు, ఆయనకి ఓటే లేదు. బిల్లు మాత్రం ఆయనది. జైళ్ళలో ఒంటరి నిర్బంధం మీద బిల్లు కూడా అదే రోజు అదే దారిన గట్టెక్కింది.

ఆ చట్టం మంచిదా కాదా అన్నది వేరే తగువు. మా వీధిలో చాలామందికి నచ్చలేదు, నాక్కూడా పోలీసులకి రాతకోతలు ఎక్కువవుతాయేమోనని అనుమానమే. కానీ "ఏమీ చేయలేడు" అన్నమాట తప్పు.

ఇంకోటి. 2024 సెప్టెంబర్‌లో ఆడమ్స్ మీద ఫెడరల్ కేసు పడ్డప్పుడు గుర్తుందా? రాజీనామా చేస్తాడని ఊరంతా అన్నారు. చేసుంటే మర్నాడు మేయర్ కుర్చీలో విలియమ్స్, ప్రత్యేక ఎన్నిక జరిగేదాకా. ఈ ఏప్రిల్‌లో కేసు కొట్టేశారనుకో, అది వేరు. ఖాళీ గడి వదిలిన మాస్టారికి ఆ వారం నిద్ర పట్టిందా అని అడుగుతున్నాను.

లెక్కల_మాస్టారు | జూన్ 16, రాత్రి 9:30

పట్టలేదు. ఒప్పుకుంటున్నాను. కానీ దానికి ఇంకో పరిష్కారం ఉంది, వారసత్వం కంప్ట్రోలర్‌కి ఇవ్వండి. ఆ ఆఫీసు ఎలాగూ ఉండాల్సిందే.

హెచ్‌వన్_ఏడుకొండలు | జూన్ 17, రాత్రి 12:15

మీ అందరి గొడవ చూస్తే ముచ్చటేస్తోంది. నేను జాక్సన్ హైట్స్‌లో ఎనిమిదేళ్ళుగా ఉంటున్నా, ట్యాక్స్ కడుతున్నా, ఓటు లేదు. 2021 డిసెంబర్‌లో కౌన్సిల్ మాలాంటి వాళ్ళకి సిటీ ఎన్నికల్లో ఓటిస్తూ చట్టం చేసింది. గ్రీన్‌కార్డు వాళ్ళకీ, వర్క్ పర్మిట్ ఉన్నవాళ్ళకీ. ఊళ్ళో అమ్మకి కూడా ఫోన్ చేసి చెప్పాను. ఆ చట్టం కోర్టుకెళ్ళింది, నలిగింది, ఈ మార్చిలో రాష్ట్ర పై కోర్టు పూర్తిగా కొట్టేసింది. ఒక్కసారి కూడా వేయలేదు. మాస్టారూ, మీరు ఖాళీగా వదిలే ఆ గడి నాకు అద్దెకివ్వండి.

లెక్కల_మాస్టారు | జూన్ 17, ఉదయం 6:50

ఈ దెబ్బకి నా దగ్గర జవాబు లేదు బాబూ.

కొత్త_ఓటరు | జూన్ 21, సాయంత్రం 4:05

అన్నీ చదివాను, రెండుసార్లు. ఒక చిన్న డౌట్. ముగ్గురే ఉన్నప్పుడు ర్యాంకులు ఎందుకు? ఒకరికే ఇస్తే చాలదా?

బౌన్‌స్ట్రీట్_బాబాయ్ | జూన్ 21, సాయంత్రం 6:30

చాలు. ఎవరికీ సగానికి మించి రాకపోతేనే రెండో ర్యాంకు పనికొస్తుంది. ఇస్తే నష్టం లేదు, నీ మొదటి మనిషికి అది అడ్డు రాదు. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకో, ఒకే నిలువు వరసలో రెండు గుండ్రాలు నింపకూడదు.

కొత్త_ఓటరు | జూన్ 24, మధ్యాహ్నం 1:20

వేసొచ్చాను. ఎండ వందకి అటూఇటూ ఉంది. స్కూల్ జిమ్‌లో రెండు పెద్ద ఫ్యాన్లు పెట్టారు, వాటికి బ్యాలట్లు ఎగిరిపోతుంటే టేబుల్ దగ్గర పెద్దావిడ వాటి మీద తన వాటర్ బాటిల్ పెట్టుకుంది. బ్యాలట్ మీద స్పానిష్, చైనీస్, కొరియన్, బెంగాలీ ఉన్నాయి, తెలుగు లేదు. మేయర్ దగ్గర అయిదు ర్యాంకులూ చక్కగా నింపాను. కంప్ట్రోలర్ కూడా సరిగ్గా నింపాను. స్కానర్‌లో పెడితే లోపలికి పోలేదు, స్క్రీన్ మీద ఏదో హెచ్చరిక. చూస్తే, ఎక్కడ తప్పు చేశానో ఊహించండి.

పబ్లిక్ అడ్వొకేట్ దగ్గరే. మొదటి వరసలోనే ఇద్దరికి నింపేశాను. పది రోజులు ఇక్కడ మీ అందరి బుర్రలూ తిన్నది ఆ ఒక్క గడి గురించే! పాత బ్యాలట్ రద్దు చేసి కొత్తది ఇచ్చారు. ఈసారి వేలు పెట్టుకుని, లైను లైనూ చూసుకుంటూ నింపాను. మా ఆయన బయట కారులో ఏసీ వేసుకుని "అంతసేపు ఏం చేశావు, వాళ్ళతో కేసు వాదించావా" అన్నారు. ఎవరికి వేశానో ఆయనకీ చెప్పలేదు.

జెర్సీ_శీను | జూన్ 24, మధ్యాహ్నం 1:31

అక్కా, మొదటి వరసలో ఇద్దరంటే ఒకటి అట్లూరి వారి ఓటు, ఒకటి లక్ష్మి గారి ఓటు అన్నమాట.

బౌన్‌స్ట్రీట్_బాబాయ్ | జూన్ 24, రాత్రి 11:05

మేయర్ సంగతి టీవీలో చూస్తూనే ఉంటారు, మమ్దానీ ముందున్నాడు, క్యూమో ఓటమి ఒప్పుకున్నాడు. మన గడి సంగతి చెప్తాను. విలియమ్స్ 70 శాతం దాకా ఉన్నాడు, రాజ్‌కుమార్ చాలా వెనక, మార్టీ డోలన్ ఇంకా వెనక. రెండో ర్యాంకులు విప్పే పని పడేలా లేదు. అసలు పోటీ నవంబర్ 4న.

అట్లూరి_అబ్బాయి | జూన్ 24, రాత్రి 11:20

సరే, ఓడాం. దీపావళి సెలవు మాత్రం మాది.

లెక్కల_మాస్టారు | జూన్ 24, రాత్రి 11:48

ఈసారి నింపాను. ఎవరికని అడగొద్దు. ఏడుకొండలు మాట గుర్తొచ్చి నింపాను, అంతే. ఆ ఆఫీసు రద్దు చేయాలన్న నా అభిప్రాయం అలాగే ఉంది.

హెచ్‌వన్_ఏడుకొండలు | జూన్ 25, ఉదయం 8:15

థ్యాంక్స్ మాస్టారూ. లక్ష్మి అక్కా, ఒక సంగతి అడగాలి. మా బిల్డింగ్‌లో లిఫ్టు ఆగి ఆరు వారాలు. నాలుగో అంతస్తులో మోకాళ్ళ నొప్పుల పెద్దాయన ఉన్నారు, ఈ ఎండల్లో మందుల షాపుకి కూడా దిగడం లేదు. ఓటు లేనివాళ్ళు ఆ ఆఫీసుకి ఫోన్ చేయొచ్చా? చేస్తే ఏమేం దగ్గర పెట్టుకోవాలి?

బ్రూక్లిన్_లక్ష్మి | జూన్ 25, ఉదయం 8:40

చేయొచ్చు, నన్ను ఓటుందా అని ఎవరూ అడగలేదు. ముందు 311కి (సిటీ ఫిర్యాదుల ఫోను) ఫిర్యాదు చేసి నంబరు రాసుకో, అది లేకుండా ఫోన్ చేయొద్దు. లిఫ్టు ఆగిన తేదీ, ఓనరుకి పెట్టిన మెసేజ్‌లు, తలుపు మీద అంటించిన నోటీసు ఉంటే దాని ఫోటో. పెద్దాయన చేత కూడా సంతకం పెట్టించు, ఆయన పేరు మొదట రాయి. సాయంత్రం నాకు ఫోన్ చెయ్యి, ఉత్తరం ఇద్దరం కలిసి రాద్దాం.